చెరువా, కాలువా, డ్యామ్ వెనక నీళ్లా? సీమలో గాలం పట్టేవారికి ఎంపిక సలహా

గాలం మీద మనసు పడగానే చాలామంది ముందు రాడ్ కొంటారు, ఆ తర్వాత నీళ్లెక్కడున్నాయో వెతుకుతారు. ఈ వరస తిరగేయాలి. కర్నూలు, అనంతపురం, కడప వైపు గాలానికి దొరికే నీళ్లు నాలుగు రకాలు: ఊరి చెరువు, పారే కాలువ, డ్యామ్ వెనక నిలిచిన నీళ్లు, ఏటి మడుగు. ఒక్కోదానికి ఒడ్డు వేరు, లోతు వేరు, మనిషిని ముంచే తీరు వేరు. నీళ్లేవో తేల్చుకుంటే కర్ర ఎంత పొడవుండాలి, దారం ఎంత లావుండాలి, ఒంటికి ఏం తొడగాలి అన్నవి సగం తేలిపోయినట్టే.

తొందరలో ఉన్నవాళ్లకు మా తీర్పు ముందే చెప్పేస్తాం. కొత్తవారికి అనుమతి తీసుకున్న ఊరి చెరువు, 12 అడుగుల వెదురు బొంగు, ఫోమ్ లైఫ్ జాకెట్. చేయి తిరిగినవారికి డ్యామ్ వెనక నీళ్ల ఒడ్డు, రీల్ రాడ్. నిండుగా పారే సిమెంటు కాలువ మాత్రం ఎవరికీ వద్దు.

ఊరి చెరువు

చెరువులో చేపలు ఊరికే పుట్టవు. చాలా చెరువులు మత్స్యకార సహకార సంఘాల చేతుల్లోనో, పాటదారుల చేతుల్లోనో ఉంటాయి. చేపపిల్లలు వదిలింది వాళ్లు, కాపలా ఉండేది వాళ్లు. అడక్కుండా గాలం వేస్తే అది సరదా కాదు, దొంగతనం. కట్ట మీద కాపలా మనిషిని అడిగితే రోజుకింతనో, పట్టిన చేప తూకానికింతనో చెప్తాడు. ఆయన్ని అడగాల్సిన రెండో ప్రశ్న డబ్బు కంటే ముఖ్యం: "పోయిన ఎండాకాలం మట్టి ఎక్కడ తోలినారు?"

ఈ ప్రశ్న ఎందుకంటే, పొలాలకూ ఇటుకబట్టీలకూ ఒండ్రు తవ్వినచోట గుంతలు పడతాయి. జేసీబీ తవ్విన గుంతకు వాలు ఉండదు, గోడలా నిట్టనిలువుగా దిగుతుంది. వానలొచ్చి చెరువు నిండాక పైనుంచి చూస్తే అంతా ఒకటే నీళ్లు. మోకాటి లోతులో నడుస్తున్న మనిషి తర్వాతి అడుగులో తల మునిగే లోతులో ఉంటాడు. ఈతకు దిగిన పిల్లలు చెరువుల్లో పోయేది ఎక్కువగా ఇలాగే. ఏప్రిల్, మే నెలల్లో ఎండిన చెరువులో ఒకసారి నడిచి, గుంతలు ఏ చెట్టుకు, ఏ రాయికి సూటిగా ఉన్నాయో ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి. ఆ ఫొటోలు గాలానికీ పనికొస్తాయి. నీళ్లు తగ్గే కొద్దీ చేపలు చేరేది ఆ గుంతల్లోనే.

కూర్చునే చోటు విషయంలో రెండే హద్దులు. చెరువులో అన్నిటికంటే లోతు కట్ట వైపు, అందులోనూ తూము దగ్గర. తూము తెరిచి ఉంటే పైన సుడి కనబడకపోయినా అడుగున లాగుతూనే ఉంటుంది. దానికి 10 మీటర్ల లోపు కూర్చోవద్దు. రెండోది మరవ, అంటే చెరువు నిండాక ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే చోటు. మరవ పారినరోజు ఎదురెక్కే చేపల కోసం ఊరు ఊరంతా వలలతో చేరుతుంది, ఆ సంబరం చూడ్డానికి బాగుంటుంది. కానీ పాచి పట్టిన బండ మీద చీలమండ లోతు పారే నీళ్లు చాలు మనిషిని పడేయడానికి. పడ్డవాడు పోయేది మరవ కింద నీళ్లు కోసేసిన గుంతలోకి. అక్కడ నీళ్లు సుడి తిరుగుతూ పైకి వచ్చినవాణ్ని మళ్లీ కిందికే తోస్తాయి. మరవను కట్ట మీద నుంచి చూడండి, చాలు.

ఇవి రెండూ తప్పిస్తే చెరువు మెత్తనిది. కట్టకు ఎదురుగా ఉండే లోతు తక్కువ అంచున ఒడ్డు నెమ్మదిగా దిగుతుంది, పొద్దున్నే చేపలు మేతకు అక్కడికే వస్తాయి. నల్లరేగడి అంచయితే దగ్గరికి పోకముందు బొంగుతో పొడిచి చూడాలి. జానెడు కంటే ఎక్కువ దిగితే అక్కడ అడుగు పెట్టొద్దు. కూరుకుపోయిన కాలిని గుంజే కొద్దీ రెండో కాలు దిగుతుంది. కూరుకుపోతే నిలబడి పెనుగులాడకుండా వెనక్కి కూర్చుని, ఒళ్లు వాల్చి, బరువు పరిచి, కాలిని అటూ ఇటూ ఆడిస్తూ తీసుకోవాలి.

కాలువ

సుంకేసుల దగ్గర మొదలయ్యే కేసీ (కర్నూలు-కడప) కెనాల్‌ను 1863లో తవ్వడం మొదలుపెట్టినప్పుడు సాగుకే కాదు, పడవలు నడవడానికీ అనుకున్నారు. ఆ రోజుల మట్టి కట్టలకు గడ్డి ఉండేది, పట్టుకోడానికి వేరో కొమ్మో దొరికేది. ఇప్పటి సిమెంటు లైనింగ్‌కు అవేవీ లేవు. నీటి మట్టం ఎక్కిదిగే పట్టీ అంతా పాచి. చెప్పుకాలు జారితే ఒళ్లు మొత్తం జారుతుంది, పైకెక్కడానికి చేతికి ఏదీ అందదు. ఒడ్డు రెండడుగుల దూరంలో కనబడుతూనే ఉంటుంది, ఎక్కలేరు. కాలువ దుర్మార్గమంతా ఇక్కడే ఉంది.

వేగం తెలుసుకోడానికి గట్టు మీద 10 మీటర్లు (సుమారు 14 అంగలు వేసినంత) గుర్తు పెట్టుకుని ఎండు పుల్ల వేసి లెక్కపెట్టండి. 10 సెకన్లలో దాటితే సెకనుకు ఒక మీటరు. బట్టలతో పడ్డ మామూలు ఈతగాడు దానికి ఎదురీదలేడు. హంద్రీ-నీవా లాంటి ఎత్తిపోతల కాలువకు ఇంకో గుణం ఉంది. వాన లేకపోయినా, ఆకాశం తెల్లగా ఉన్నా, ఎగువన మోటార్లు వేస్తే మట్టం పెరుగుతుంది. పోతిరెడ్డిపాడు కింద కాలువల సంగతి చెప్పనక్కర్లేదు, అది 44,000 క్యూసెక్కులకు కట్టిన హెడ్ రెగ్యులేటర్ (కాలువ మొదట్లో నీళ్లు వదిలే గేట్లు).

మరి డ్రాపుల (కాలువ మెట్టులా కిందికి దిగే చోట్ల) కింద చేపలు బాగా పడతాయి కదా అంటారు. పడతాయి. కాలువ కట్టేసిన నెలల్లో ఆ డ్రాపు గుంతల్లో నీళ్లు నిలిచి ఉన్నప్పుడు పోండి. అప్పుడు కూడా గుంత పైనుంచే వేయాలి, లైనింగ్ మీదికి దిగకూడదు. తిరిగి నీళ్లు వదిలే తేదీని కాలువ గేట్లు చూసే లస్కర్‌ను అడిగి తెలుసుకోవాలి.

ఎవరైనా పారే కాలువలో పడితే: వెల్లకిలా తిరిగి, కాళ్లు ముందుకు పెట్టి, నీటితో పాటే పోతూ ఏటవాలుగా ఒక గట్టు వైపు జరగాలి. మెట్లు, నిచ్చెన, వంతెన స్తంభం పక్క గడ్డి, ఏది ముందు దొరికితే అది. సైఫన్ (కాలువ నేల కింది గొట్టంలోకి దూరే చోటు), తూము రాకముందే బయటపడాలి. ఎదురీదితే రెండు నిమిషాల్లో సత్తువ అయిపోతుంది.

డ్యామ్ వెనక నీళ్లు

శ్రీశైలం వెనక నీళ్లు, వెలుగోడు, గండికోట, మైలవరం, బ్రహ్మంసాగర్, పెన్నహోబిలం, జీడిపల్లి. పెద్ద బొచ్చె, శీలావతి, వాలుగ కావాలంటే ఇవే. అయితే ఇక్కడ ఎవరి ఇష్టం వాళ్లది కాదు. మత్స్యశాఖ లైసెన్సు సంగతి, వానాకాలంలో గుడ్లు పెట్టే రోజుల వేట నిషేధం తేదీలు జిల్లా కార్యాలయంలో ముందే కనుక్కోవాలి. శ్రీశైలం ఒడ్డు చాలాచోట్ల పులుల అభయారణ్యానికి ఆనుకుని ఉంటుంది, అనుమతి లేకుండా అడవిలోంచి నీళ్ల దగ్గరికి దిగితే కేసే. అక్కడి నీళ్లలో మొసళ్లూ ఉన్నాయి. నీటి అంచున గొంతుక్కూర్చుని చేప కడగడం, పొట్టపేగులు అక్కడే వేయడం రెండూ మానాలి.

శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు. నీళ్లు తగ్గేటప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడినట్టే మునిగిన ఊళ్ల గోడలు, బావులు, చెట్ల మొద్దులు కూడా పైకి తేలతాయి. అవి కనబడే దాకా నీళ్లకిందే ఉంటాయి. గండికోటలో తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు మునిగింది మొన్న మొన్ననే, వాటి గోడలింకా గట్టిగానే ఉంటాయి. గాలం తగులుకుపోతుంది, కాలు ఇరుక్కుంటుంది, పాత బావిలో పడితే అడుగు అందదు. జలాశయంలో ఒడ్డు నుంచే వేయండి, నీళ్లలో నిలబడి వేయొద్దు.

గాలి ఇంకో లెక్క. జూన్ నుంచి ఆగస్టు దాకా సీమలో పడమటి గాలి విపరీతం, రామగిరి గుట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆ రోజుల్లో పడమటి ఒడ్డున నీళ్లు అద్దంలా కనబడతాయి. అక్కణ్నుంచి పుట్టి (తెడ్డు పడవ) వేస్తే గాలే దాన్ని నడిమధ్యకు తోసుకుపోతుంది, తిరిగి రావడానికి తెడ్డు చాలదు. పుట్టి తప్పదనుకుంటే గాలికి ఎదురుగా బయల్దేరండి, అలసిపోయాక గాలే ఇంటికి తెస్తుంది. అలల తలకు తెల్ల నురగ కనిపించిందంటే వెంటనే ఒడ్డు చేరాలి.

పుట్టి అంటే గుండ్రటి బుట్ట. నిలబడితే తిరగబడుతుంది. ఇద్దరు ఎదురెదురుగా అడుగున కూర్చోవాలి. చేప పడగానే ఇద్దరూ ఒకే వైపు వంగడమే ఎక్కువసార్లు ముంచేది. చేప లాగేవాడు లాగుతుంటే రెండోవాడు అవతలి వైపు బరువు వేసి కూర్చోవాలి. నడపడం పుట్టక ముందు నుంచే వచ్చినట్టు నడిపే వేటగాడు పక్కన ఉంటే తప్ప మీరే తెడ్డు పట్టొద్దు. మా మాటగా అయితే మొదటి ఏడాది పుట్టి ఎక్కనే వద్దు.

ఏటి మడుగు

తుంగభద్ర, పెన్న, చిత్రావతి, కుందూ, పాపాఘ్ని. ఎండాకాలం మడుగులో జెల్లలు, కొర్రమీన్లు బాగుంటాయి. ఇసుక తోలిన గుంతలు చెరువు గుంతల కంటే ఘోరం, ఎందుకంటే అంచు కూడా కూలుతుంది. ఇక పైన డ్యామ్ ఉన్న ప్రతి ఏరూ ఒక్క గంటలో మారగలదు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయింది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్టే తెగింది. ఆగస్టు నుంచి నవంబరు దాకా ఏటి నడుమ బండల మీద కూర్చునే గాలం వద్దు. మిగతా రోజుల్లో కూడా నీళ్ల రంగు మారినా, నురగా పుల్లలూ కొట్టుకొచ్చినా, ఎగువన హోరు వినబడినా సామాను అక్కడే వదిలి ఎక్కేయాలి. డబ్బా తీసుకుని పోదామనుకునే అర నిమిషమే దాటే దారిని మూసేస్తుంది.

వెదురు, చేతి దారం, రీల్

వెదురు బొంగుది చెరువు పని. ముదురు బొంగు కోసి మూడు వారాలు నీడన ఆరబెట్టాలి. ఎండన పెడితే పగులుతుంది. తంగూసు దారాన్ని కొసకు మాత్రమే కట్టడం అందరూ చేసే తప్పు. బొంగు నడుమ నుంచి రెండు మూడు చోట్ల ముడేస్తూ కొసదాకా తేవాలి, కొస విరిగినా చేప దారం మీదే ఉంటుంది. దారం బొంగంత పొడవు, లేదా అడుగు తక్కువ. లావు 0.25 నుంచి 0.30 మిల్లీమీటర్లు. బెండుకు నెమలి ఈక కాడ కంటే మంచిది ఇంకా పుట్టలేదు, చిన్న పరిగె ముట్టుకున్నా చెప్తుంది. రెండు కిలోల దాకా బొంగుతో లాగొచ్చు. అంతకు మించితే కర్రే చేజారుతుంది. పోతే పోనీండి. కర్ర వెంట నీళ్లలోకి దూకడం గాలం ఆటలో అన్నిటికంటే ఖరీదైన పొరపాటు.

చేతి దారం చవక, డబ్బాకు చుట్టేసి జేబులో పెట్టుకోవచ్చు. కానీ ఎప్పుడూ చేతికి చుట్టుకోవద్దు. వాలుగ ఒక్క గుంజు గుంజితే తంగూసు వేలిని ఎముకదాకా కోస్తుంది. నూలు గ్లవ్స్ వేసుకుని, దారాన్ని వేళ్ల మధ్య జారనివ్వాలి. సీసం గుండును తలమీద తిప్పి విసిరే ముందు వెనక మనిషి ఉన్నాడేమో చూసుకోవాలి.

జలాశయానికి రీల్ రాడ్. ఏడడుగుల రాడ్, 3000 సైజు రీల్, 0.30 దారం 100 మీటర్లకు తగ్గకుండా. ఆ దారం దాదాపు ఆరు కిలోలకు తెగుతుంది. రీల్ డ్రాగ్ (చేప గుంజితే దారం వదిలే బిగువు) సరిగ్గా బిగించడం కొత్తవాళ్లకు తెలియక పెద్ద చేపలన్నీ పోగొట్టుకుంటారు. దారం కొసను స్ప్రింగ్ త్రాసుకు కట్టి రాడ్ వంచి లాగండి. ఒకటిన్నర నుంచి రెండు కిలోల దగ్గర రీల్ దారం వదలాలి. అంతకు ముందే వదిలితే గాలం గుచ్చుకోదు, వదలకపోతే దారం తెగుతుంది. కార్బన్ రాడ్‌ది తేలికతనం, ఫైబర్ గ్లాస్‌ది మొండితనం. సీమలో మేం ఫైబర్ గ్లాస్ వైపే. కారణం చేప కాదు, కరెంటు. కట్టల పక్కన బోరు మోటార్లకు పోయే తీగలు చాలాచోట్ల జారి వేలాడుతుంటాయి. కార్బన్ రాడ్ ఆ తీగను తాకితే నేరుగా కరెంటు దిగుతుంది. తడిసిన వెదురూ అంతే. ఏ రాడ్ అయినా తీగకు కర్ర పొడవుకు రెండింతల దూరంలో ఉండాలి, నడిచేటప్పుడు కర్రను పడుకోబెట్టి మోయాలి. ఉరుము కూడా ఇదే లెక్క. మెరుపు తర్వాత 30 సెకన్ల లోపు ఉరుము వినబడితే పిడుగు 10 కిలోమీటర్ల లోపు ఉన్నట్టు. కర్ర కింద పెట్టి పక్కా ఇంట్లోకో కారులోకో పోవాలి. చివరి ఉరుము నుంచి అర గంట గడిచే దాకా రావద్దు. చెట్టు కింద నిలబడకూడదు.

గాలం ముడి ఏదైనా ఆరు చుట్లు తిప్పి, ఎంగిలి తడి పెట్టి, నెమ్మదిగా బిగించాలి. పొడిగా గుంజితే రాపిడి వేడికి ముడి దగ్గరే దారం బలహీనమవుతుంది. ఎండకు తెల్లబారిన దారం మీద నమ్మకం పెట్టుకోవద్దు, ఏడాదికోసారి మార్చేయండి. గాలం సైజు (అంకె తగ్గేకొద్దీ గాలం పెద్దది, 1/0 ఇంకా పెద్దది): పరిగె, జిలేబి చేపకు 10–12, శీలావతికి 6–8, కొర్రమీను, వాలుగకు 1/0. గాలం కొసన వెనక్కి తిరిగి ఉండే ముల్లును ప్లయర్‌తో నొక్కేస్తే చేపలు కొన్ని తప్పించుకుంటాయి, కానీ మీ వేలికి గుచ్చుకున్నప్పుడు తేలిగ్గా వస్తుంది. పిల్లలు వెంట ఉంటే తప్పక నొక్కండి.

ఎర గురించి పెద్దగా చెప్పేదేం లేదు. రెండు పాళ్లు జొన్నపిండి, ఒక పాలు చెనిక్కాయ చెక్క పొడి, ఒక పాలు తవుడు కలిపి సంగటి ముద్దలా ఉడికిస్తే శీలావతి, మోసు రెండూ వస్తాయి. బొచ్చెకు ఎర పైనుంచి రెండు మూడడుగుల్లో, మోసుకు అడుగున వేలాడాలి. జెల్లకు వానపాము. ఎర్రటి పిల్లల గుంపును కాచుకుని తిరిగే కొర్రమీను మీద మాత్రం గాలం వేయకండి. తల్లీతండ్రీ పోతే గుంపంతా ఒక్క పూటలో మిగతా చేపల నోట్లోకి పోతుంది.

జాకెట్టా, ట్యూబా, క్యానా

ఫోమ్ లైఫ్ జాకెట్ మీద రాసి ఉండే అంకె చూడండి. 100 న్యూటన్ అంటే సుమారు 10 కిలోల తేలుడు బలం, ఈత రానివాళ్లకు ఇదే. 50 న్యూటన్‌వి ఈత వచ్చినవాళ్లకు, సొమ్మసిల్లిన మనిషి ముఖాన్ని అవి పైకి తిప్పవు. గాలి నిండే రకం తేలిగ్గా, చల్లగా ఉంటుంది, కానీ కంప ముల్లుకో సొంత గాలానికో చిల్లు పడితే తెలియను కూడా తెలియదు. మన ఒడ్లన్నీ కంపే, కాబట్టి ఫోమ్. వేసుకుని భుజాల పట్టీలు పట్టి ఎవరినైనా పైకి లాగమనండి. చెవుల దాకా లేస్తే అది మీ సైజు కాదు, లేదా పట్టీలు వదులు. కాళ్ల మధ్య పట్టీ ఉన్నది దొరికితే అదే కొనండి. కొన్నాక నడుము లోతు నీళ్లలో ఒకసారి తేలి చూడాలి. చెమటకు విసిగి జాకెట్‌ను బండి మీద పెట్టేవాళ్లు ఎక్కువ. పొద్దు మొలిచింది మొదలు తొమ్మిది దాకా, మళ్లీ సాయంత్రం వేటాడితే ఆ విసుగు సగం తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం చేప కూడా తినదు.

లారీ ట్యూబు మీద కూర్చుని గాలం వేయడం అలవాటే, కానీ అది ప్రాణరక్షణ కాదు. వెనక్కి వాలితే తలకిందులవుతుంది, కాళ్లు ఇరుక్కుంటాయి, ఎండకు ఉబ్బి పాత అతుకు ఊడుతుంది. థర్మాకోల్ తెప్ప రెండుగా విరుగుతుంది.

ఖాళీ నూనె క్యాన్‌ది వేరే పని. మూత గట్టిగా బిగించిన ఐదు లీటర్ల క్యాన్‌లో గ్లాసుడు నీళ్లు పోస్తే విసరడానికి బరువు వస్తుంది. పిడికి 15 మీటర్ల ప్లాస్టిక్ తాడు కట్టి పక్కన పెట్టుకోండి. నైలాన్ తాడు మునుగుతుంది, పాలీప్రొపిలీన్ తాడు తేలుతుంది, అంగట్లో అడిగి తేలేదే తీసుకోండి. మునుగుతున్నవాడి తలకు అవతలగా విసిరి లాగితే క్యాన్ అతని చేతికొస్తుంది. తాడు లేకపోతే బొంగు చాచండి, పంచె ముడేసి వేయండి, బోర్లా పడుకుని అందించండి. ఈత వచ్చినా దూకకండి. భయంలో ఉన్నవాడు రక్షించేవాడి మీదికెక్కి ఇద్దర్నీ ముంచుతాడు.

బయటికి తీశాక ఊపిరి లేకపోతే గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి తల కాస్త వెనక్కి వంచాలి. ముక్కు మూసి నోట్లోకి ముందు ఐదుసార్లు ఊదాలి. నీళ్లలో పోయినవాడికి లేనిది గాలి. ఆ తర్వాత రొమ్ము నడుమ 30సార్లు నొక్కడం, రెండుసార్లు ఊదడం. నిమిషానికి 100 నుంచి 120 నొక్కుల వేగంతో, రెండంగుళాల లోతున. పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం, తలకిందులుగా వేలాడదీయడం, గిరగిరా తిప్పడం వల్ల కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఎవరో ఒకరు ఫోన్ చేస్తుండాలి. లేచి కూర్చుని మాట్లాడినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఆయాసం గంటల తర్వాత రావచ్చు.

చిన్న గాయాల్లో ఎక్కువ ఏడిపించేది జెల్ల ముల్లు. రెండు పక్క రెక్కల దగ్గర, వీపు మీద ఉంటుంది. గాలం తీసేటప్పుడు చేపను తువాలుతో పట్టుకోండి, ఉత్త చేత్తో కాదు. గుచ్చుకుంటే కడిగి, చేయి ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో అర గంట నుంచి గంటన్నర దాకా పెట్టాలి, ఆ విషం వేడికి చెడిపోతుంది. ధనుర్వాతం సూది వేయించుకోవాలి. మర్నాటికీ వాపు తగ్గకపోతే ముల్లు విరిగి లోపల ఉండిపోయిందనే అనుకుని డాక్టరుకు చూపించాలి.